చెప్పి అమ్మిన మంచం

డోన్ దాటి పెద్దరోడ్డు ఎక్కగానే గాలి జోరు పెరిగింది. పద్మప్రియ చీరకొంగును నడుము చుట్టూ తిప్పి దోపుకుని, రెండు చేతులూ కుర్చీ చేతుల మీద బిగించి కూర్చుంది. బండి కర్నూలు వైపు పోతోంది, ఆమె ముఖం మాత్రం డోన్ వైపు ఉంది. చిన్న లారీ వెనక తొట్టిలో సామాన్ల మధ్య కుర్చీకి చోటు అట్లాగే కుదిరింది మరి. ముందు సీట్లో, డ్రైవరు ఉరుకుందప్ప పక్కన, ఆమె కూర్చోవలసిన చోట నిలువుటద్దం దుప్పటి కప్పుకుని ప్రయాణం చేస్తోంది. "అద్దం ఎనకేస్తే టోల్‌గేటు కాడికే పలుగుతాది మ్మా. ముందర నువ్వన్నా కూకో, అద్దమన్నా కూకోనీ" అన్నాడాయన బయల్దేరేటప్పుడు. వెనక నేనే కూర్చుంటాలే అన్నా, అంది. ఆయన ఇంకో తాడు తెచ్చి కుర్చీని బీరువాకూ బీరువాను మంచానికీ కలిపి కట్టి, పోలీసోళ్ళు కనపడితే తల వంచుకోమన్నాడు. తల ఎందుకు వంచుకోవాలి, దొంగసామానా ఏమన్నానా, అనుకుంది. అనుకోగానే నవ్వొచ్చింది, నవ్వితే నోట్లోకి దుమ్మొచ్చింది. ఊరికే ఇట్లా నవ్వొచ్చి ఎన్నాళ్ళయింది? రోడ్డు బండి కింది నుంచి పుట్టుకొచ్చి వెనక్కి పరుచుకుంటూ పోతోంది. రెండు పక్కలా ఎర్రనేల, పసుప్పచ్చగా పూతకొచ్చిన కంది చేలు, దూరాన గుట్ట మీద తీరిగ్గా తిరుగుతున్న గాలిమరలు. మార్గశిరపు ఎండ నేరుగా ముఖం మీద పడుతోంది, మంటలేని ఎండ. కళ్ళు మూసుకుంటే రెప్పల వెనక ఎర్రగా, వెచ్చగా ఉంది.

చెయ్యి చాపితే మంచం తగులుతుంది. చాపి తాకింది. టేకు పట్టె, ఏళ్ళ తరబడి మనుషుల చేతులు రాసుకుని నున్నబడింది. నాది, అనుకుంది, అనుకుని ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూసింది. ఇందాక డోన్‌లో, ఈ సామాన్లు అమ్మిన కృపమణమ్మ చేతిలో దుడ్లు పెట్టాక, చీటీ పాడి తెచ్చిన దుడ్లు, జాకెట్లు కుట్టి కుట్టి కట్టిన చీటీ, అవి ఆమె లెక్కపెట్టకుండానే సంచిలో వేసుకున్నాక, పద్మప్రియ నోరు అలవాటుకొద్దీ అడిగేసింది. "మళ్ళా నెల ఎన్నో తారీకమ్మా?" పెద్దావిడ అర్థంకానట్టు చూసింది. "ఏం నెల? ఏం తారీకు? అయిపాయె గదా పాపా. ఇంగ నీవే ఇవన్నీ." అయిపాయె. ఇంత చిన్నమాట. రెండేళ్ళలో ఒక్కరూ ఆమెతో అనని మాట. కర్నూల్లో సామాన్లు బాడుగకిచ్చిన ఆ షాపులో అయితే ఎప్పుడూ ఇంకా ఉంది, ఇంకా ఉంది, మధ్యలో ఒక నెల ఆలస్యమైనందుకు ఇంకొంచెం ఉంది. ఇప్పుడు చక్రాల చప్పుడు కూడా ఆ మాటనే అంటున్నట్టుంది, అయిపాయె, అయిపాయె, రోడ్డు మీద అతుకు వచ్చినప్పుడల్లా ఒకసారి.

ఆత్మకూరులో ఉన్నప్పుడు ఇంట్లో పెద్దగా సామాన్లు లేవు, లేవన్న సంగతి తోచేది కూడా కాదు. ముందర కిరాణా అంగడి, వెనక ఇల్లు. బస్తాల మీద కూర్చునేవాళ్ళు, బల్లల మీద పడుకునేవాళ్ళు, వచ్చినవాళ్ళను అంగట్లోనే కూర్చోబెట్టేవాళ్ళు. పెద్ద పెద్ద షాపులొచ్చి అంగడి మూతపడ్డాక, భర్త శివప్రసాద్ కర్నూల్లో బట్టల హోల్‌సేల్ దుకాణంలో లెక్కలు రాయడానికి కుదిరాక, కల్లూరు సందులో ఈ బాడుగ ఇల్లు తీసుకున్నారు. ఖాళీ గదుల్లో మాట్లాడితే గొంతు గోడకు తగిలి తిరిగొచ్చేది. అప్పుడు చూశాడాయన ఫర్నిచర్ షాపు ముందు ఆ బోర్డు. బాడుగకు తీసుకోండి, కట్టగా కట్టగా మీ సొంతం. తప్పేముంది, అందరూ అట్లాగే తీసుకుంటున్నారు, దుకాణంలో తోటివాళ్ళు కూడా. ఒక్కపూటలో ఇల్లు నిండిపోయింది: సోఫా, మంచం, అద్దం పలక వేసిన బల్ల, బీరువా. అత్త కన్యకమ్మ గడప దగ్గర నిలబడి, "ఇవన్నీ మనవేనా?" అని అడిగింది. అవుతాయమ్మా, అన్నాడు కొడుకు. "అవుతాయంటే ఇప్పుడు కావనే గదా" అని ఆమె తన చాప తెచ్చుకుని కింద కూర్చుంది. సోఫా మీది ప్లాస్టిక్ కవరు చివరిదాకా తీయనే లేదు, ఎండాకాలం కాళ్ళకు అంటుకుని చర్రుమని లేచేది. గీత పడితే దానికి వేరే కట్టాలని ముందే చెప్పారు. నెలనెలా డబ్బుకు వచ్చే షాపు మనిషి కాఫీ తాగి, లేచేటప్పుడు బల్ల అంచు వెంబడి వేలు రాసుకుంటూ పోయేవాడు, మాటలు వేరే ఏవో మాట్లాడుతూనే. ఆ వేలు ఎక్కడైనా ఆగుతుందేమోనని పద్మప్రియ గుండె ఆ వేలి వెనకే పోయేది. పెన్ను గట్టిగా ఒత్తి రాస్తే అద్దం గీసుకుంటుందని కూతురు శ్రీవిద్య బల్ల ముందు నేల మీద కూర్చుని చదువుకునేది. ఎవరి ఇల్లది? సామాన్లు కాపురం చేస్తుంటే తాము కాపలా ఉన్నారు.

ఫోను తీసి చూసింది. శివప్రసాద్ ఎత్తలేదు. డోన్‌లో సామాన్లు ఎక్కించేటప్పుడు రెండుసార్లు చేసింది, బండి ఎక్కాక ఇంకోసారి. ఆ ఫర్నిచర్ షాపులోనే ఉన్నాడు. కాయితాల ముందు కూర్చుని ఉంటాడు. ఈరోజు మధ్యాహ్నంలోగా వస్తే పాత బాకీ కొంత మాఫీ చేసి మళ్ళీ మొదటి నుంచి రాసుకుంటామన్నారు వాళ్ళు, ఎత్తుకుపోయినవాటికి బదులు కొత్త సామాన్లు సాయంత్రానికల్లా ఇంట్లో దింపుతామన్నారు. పొద్దున ఆమె చెప్పులేసుకుంటూ, నేను డోన్ పోయి చూసొస్తా, నేను ఫోన్ చేసేదాకా సంతకం పెట్టొద్దు, అంది. చూద్దాంలే, అన్నాడు. ఆ 'చూద్దాంలే' ఎటువైపుదో ఇన్నేళ్ళ కాపురంలో ఆమెకు ఎప్పుడూ తెలిసింది కాదు. అంగడి మూయాలా వద్దా అన్నప్పుడు కూడా అదే మాట. సంతకం పెట్టేసి ఉంటే? ఒకవైపు నుంచి ఈ మంచం, ఇంకోవైపు నుంచి ఆ మంచం, సందులో ఎదురెదురుగా వచ్చి నిలబడితే? నవ్వాలో ఏడవాలో తెలియదు. ఫోను కొంగు కొసన ముడి వేసుకుంది, మోగితే నడుముకు తెలుస్తుందని. వెనక నుంచి వచ్చిన బస్సు హారన్ కొట్టి దాటింది. కిటికీ పక్కనున్న ఒకావిడ, లారీ తొట్టిలో కుర్చీ వేసుకుని దర్జాగా కూర్చున్న ఈమెను చూసి పక్కావిడకు చూపించింది. చూడనీ.

సామాన్లు పోయిన రోజు కూడా అందరూ చూశారు. అప్పుడు మాత్రం సిగ్గుతో చచ్చిపోయింది. శివప్రసాద్ దుకాణంలో జీతాలు ఆగి, షాపుకు కట్టలేకపోయిన కాలం అది. షాపు మనుషులు నలుగురు పగటిపూట వచ్చారు, తిట్టలేదు, అరవలేదు, చాలా మర్యాదగా సోఫా ఎత్తారు. తిట్టి ఉంటే తిరిగి తిట్టేది. బీరువా తీసుకుపోవాలంటే లోపలివి బయట పెట్టాలి కదా, వాళ్ళలో ఒకతను ఆమె చీరలు ఒక్కొక్కటే తీసి, మడత చెడకుండా నేల మీద పేర్చాడు. ఎవరో తెలియని మగమనిషి చేతుల్లో తన పాత లంగాలు కూడా అంత జాగ్రత్తగా. అప్పుడే శ్రీవిద్య కాలేజీ నుంచి వచ్చింది, వెంట స్నేహితురాలు క్రిస్టినా. ఆ పిల్లకు ఏమీ తెలియదు. "ఇల్లు మారతాండారా ఆంటీ? చెప్పకపోతివే విద్యా" అంటూ పుస్తకాలు పక్కన పెట్టి, బల్ల ఒక కొస తను పట్టుకుని వాళ్ళతో పాటు వాకిలి దాటించింది. జాగ్రత్త, జాగ్రత్త, గోడ తగుల్తుంది, అని వాళ్ళకే చెబుతోంది. పద్మప్రియ ఆపలేకపోయింది. ఏమని ఆపాలి? బండి వెళ్ళిపోయింది, ఇంట్లో మిగిలింది కుట్టుమిషను ఒక్కటే, అది అమ్మ ఇచ్చింది కాబట్టి. క్రిస్టినా ఆ మిషను వైపు చూసి, నేల మీది చీరల వైపు చూసి, శ్రీవిద్య ముఖం చూసి, మెల్లిగా పుస్తకాలు తీసుకుంది. వెళ్ళే ముందు ఏమీ అడగలేదు. ఆ పిల్ల అడగనందుకు పద్మప్రియ ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటుంది.

తర్వాత చిత్రమేమిటంటే, ఇల్లు ఖాళీ అయిన వారానికి నిద్ర పట్టడం మొదలైంది. బండల మీద బోర్లా పడుకుని శ్రీవిద్య చదువుకుంటూ కాళ్ళాడించేది. ఎవరి కాలు ఎక్కడ తగిలినా అడిగేవాళ్ళు లేరు. ఇట్లాగే ఉండిపోవచ్చు, అనుకుంది పద్మప్రియ. కానీ కన్యకమ్మ మోకాళ్ళున్నాయి. చలి మొదలయ్యాక పొద్దున్నే ఆమెను నేల మీంచి లేపాలంటే ఒకరు చంకల కింద, ఒకరు నడుము దగ్గర పట్టాలి. లేచేటప్పుడు ఆమె అరవదు, కింది పెదవి లోపలికి మడుచుకుంటుంది, ఆ మడత చూడలేక శివప్రసాద్ ముఖం తిప్పుకునేవాడు. ఇంక నేల మీద పడుకోబెట్టొద్దన్నాడు డాక్టరు. ఆ రోజు సాయంత్రమే ఆయన మళ్ళీ షాపు మాట ఎత్తాడు. పాతవి కొందామని ఆమె అంటే, "ఎవరు పండుకున్న్యాదో, ఎవరు పోయిన్యాదో తెల్దు. అట్లాంటి మంచం మీద అమ్మను పండబెట్టమంటావా?" అన్నాడు. రెండు రోజులకు క్రిస్టినా సందు మొదట్లో నిలబడి, లోపలికి రాకుండానే చెప్పింది. "ఆంటీ, డోన్‌లో మా పెద్దమ్మ ఉండాది. ఆస్పత్రిలో నర్సు పనిచేసి రిటైరైంది. ఇప్పుడు మా ఇంట్లోకే వచ్చేస్తాంది. మా ఇంట్లో సామాన్లకు చోటు ల్యా. అమ్మేస్తుందంట. మీరు ఒకతూరి సూస్తారేమో అని." ఊరికే చెబుతున్నట్టు చెప్పి, ఎండ గురించి ఏదో అని వెళ్ళిపోయింది.

ఆ పెద్దమ్మే కృపమణమ్మ. ఆమె ఇల్లు డోన్ స్టేషనుకు దగ్గర్లోనే ఉంది. గూడ్సు పోయినప్పుడల్లా బీరువా తలుపు సన్నగా అదిరేది. ఆ అదురు ఇప్పుడు బండిలో కూడా వినిపిస్తోంది, అదే చప్పుడు. పొడుగుమనిషి, తెల్లని జుట్టు బిగించి ముడేసింది, నర్సులాగా చేతులు ఎప్పుడూ ఏదో సర్దుతూనే ఉన్నాయి. ఆమె భర్త గూడ్సు రైళ్ళు నడిపేవాడట. నల్లమల టేకుతో నంద్యాలలో దగ్గర కూర్చుని చేయించాడట మంచం. బల్ల మీద ఎవరో పిల్లలు కంపాసు ముల్లుతో పొడిచిన చుక్కలున్నాయి, ఒక మూల ఇస్త్రీపెట్టె కాలిన ముద్ర ఉంది. పద్మప్రియ ఆ చుక్కల మీద వేళ్ళు పెట్టి చూస్తుంటే, "అవి పోవు పాపా, ఇంకో రోంత తగ్గిస్తాలే" అంది పెద్దావిడ. తగ్గించమని కాదమ్మా, అనబోయి ఆగింది. ఎట్లా చెప్పాలి, ఆ చుక్కలు చూస్తుంటే ప్రాణం తేలికపడుతోందని? ముందే గీతలున్న బల్ల. శ్రీవిద్య ఎంత గట్టిగానైనా ఒత్తి రాయొచ్చు. ఇంకో గీత పడితే వాటికి తోడు. ఏ వేలూ దాని అంచు వెంబడి రాదు.

మంచం దగ్గరికి వచ్చేసరికి కృపమణమ్మ చేతులు సర్దడం మానేశాయి. "కూకో పాపా. కొనేదానికి ముందర ఒక మాట. మా ఆయన ఈ మంచం మీదనే పోయినాడు. నిద్దర్లో పోయినాడు, నాలుగేండ్లాయె. ఇంతకుముందర ఇద్దరొచ్చి ఈ మాట ఇని ఎలబారిపోయిరి. దాచిపెట్టి అమ్మితే నాకు నిద్ర పట్టదు. నీకు పట్టింపు ఉంటే కడమ సామాన్లు తీస్కపో, మంచం ఈడనే ఉండనీ." పద్మప్రియ మంచం అంచున కూర్చునే ఉంది. లేవాలా? భర్త అన్నమాట అచ్చంగా ఎదుటికొచ్చి నిలబడింది, ఎవరు పోయిన్యాదో అని. ఈమె చెప్పకపోతే ఎవరికి తెలిసేది? కర్నూల్లో ఎవరు వచ్చి చెబుతారు? అయినా చెప్పింది. అమ్ముడుపోకపోయినా సరేనని చెప్పింది. రెండేళ్ళలో ఆ షాపువాళ్ళు చెప్పనివన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి: ఆలస్యమైతే ఎంతో, కట్టిందంతా ఏమవుతుందో, ఏ కాయితంలో ఏ మూల ఏముందో. "మంచం కూడా తీసుకుంటానమ్మా" అంది. కృపమణమ్మ ఆమె తల మీద చెయ్యి పెట్టింది, జ్వరం చూసినట్టు. "నేను కర్నూలుకు వచ్చినాక ఒకతూరి మీ ఇంటికి వస్తాలే. పెద్దామెను సూస్తా, మంచాన్నీ సూస్తా" అంది. నట్లు తుప్పుపట్టి ఊడి రాకపోతే, ఉరుకుందప్ప ఇంకో ఇద్దర్ని పిలిచి మంచాన్ని అట్లాగే ఎత్తి నిలబెట్టి కట్టాడు.

అత్తకు చెప్పాలా? నడుము దగ్గర ఫోను అదిరింది. ముడి విప్పేసరికి సగం మోత అయిపోయింది. శివప్రసాద్. హలో అంటే గాలి, హలో అంటే గాలి, మధ్యలో "...మంచం... సున్నం..." అని రెండు మాటలు, మళ్ళీ గాలి. సున్నమేమిటి? ఆమె చేత్తో చెవి మూసుకుని, తల బీరువా పక్కకు వంచి, "సంతకం పెట్టద్దండీ! పెట్టద్దు!" అని అరిచింది. పక్క నుంచి పోతున్న మోటారుసైకిలు మనిషి ఉలిక్కిపడి ఆమె వైపు చూశాడు. లైను తెగిపోయింది. పెట్టేశాడా? పెట్టేశానని చెప్పడానికే చేశాడా? సున్నమని ఎందుకన్నాడు? గోడలకు సున్నం కొట్టిస్తామన్నారా ఏమన్నానా వాళ్ళు? ఇంతసేపు హాయిగా ఉన్న కుర్చీ ఒక్కసారిగా గట్టిబడింది, కూర్చోలేకపోయింది. లారీని ఆపమని డ్రైవరు గది వెనక రేకు మీద కొట్టింది, ఆ చప్పుడు గాలిలో ఎక్కడికి పోయిందో, ఉరుకుందప్పకు మాత్రం చేరలేదు. కంది చేలు పోతున్నాయి, ఎవరిదో మేకలమంద రోడ్డు పక్కన గుంపుగా నిలబడి చూస్తోంది. ఎంత తొందరగా వచ్చిన సంతోషం అంత తొందరగా పోతుందా? పోనీ పెట్టేస్తే పెట్టేశాడు. ఈ మంచాన్ని మాత్రం వెనక్కి తీసుకుపోయేవాళ్ళు ఎవరూ లేరు. అది తలుచుకుని పట్టెను గట్టిగా పట్టుకుంది, పిల్ల అమ్మ కొంగు పట్టుకున్నట్టు.

బండి నెమ్మదించింది. అమకతాడు టోల్‌గేటు. ముందర లారీల వరస. గాలి ఆగిపోయేసరికి చెవుల్లో ఒక్కసారిగా నిశ్శబ్దం, ఆ తర్వాత జామకాయలమ్మే ఆడవాళ్ళ కేకలు. ఫోను మళ్ళీ మోగింది.

"యాడుండావు పద్మా?"

"టోల్‌గేటు కాడ. మీరు సంతకం పెట్టినారా?"

"ల్యా."

ఆమె ఊపిరి వదిలిన చప్పుడు అవతలికి వినిపించే ఉంటుంది. ఆయన గొంతు తగ్గించి చెప్పడం మొదలుపెట్టాడు. "పెట్టేవాణ్ణే. పెన్ను చేతిలో ఉండాది. సామాన్లు ఒకతూరి సూసుకోండి సార్, అన్నీ సరికొత్తవి అని షాపాయన లోపలికి తీస్కపోయినాడు. మంచానికి తెల్ల కవరు కప్పి పెట్టినారు. కవరు ఎత్తినా. తలకాడ పట్టె కింద సున్నం పద్మా. అమ్మ బొటనేలి సున్నం. ఆకేసుకోని ఆడనే గదా తుడుస్తాది ఆమె."

పద్మప్రియ ఫోను చెవికి ఇంకా దగ్గరగా ఆనించుకుంది. తను ఎన్నిసార్లు గోల పెట్టింది, అత్తా, అది మనది కాదు, సున్నం పూయద్దని.

"కొత్త మంచానికి సున్నం ఎట్లొచ్చిందప్పా అని అడిగినా. కూలోళ్ళెవరో పూసింటారు సార్ అన్న్యాడు. మా మంచాన్నే మాకు మళ్ళా కొత్తగా రాసిస్తాండాడు, మొదటి నించి కట్టమని. పెన్ను ఆడ పెట్టి లేసి వచ్చినా." ఆయన నవ్వుతున్నాడో దగ్గుతున్నాడో తెలియలేదు. తర్వాత తెలిసింది, నవ్వుతున్నాడు. "నీకు దొరికిందా మంచం?"

దొరికిందంది. టేకుదంది, నట్లు ఊడక అట్లాగే నిలబెట్టి తెస్తున్నానంది. అని, ఆగి, ఇప్పుడు చెప్పకపోతే ఎప్పటికీ చెప్పలేనని ఉన్నదున్నట్టు చెప్పేసింది, ఆ ఇంటాయన ఈ మంచం మీదే పోయాడని, పెద్దావిడ తనంతట తానే చెప్పిందని. వెనక లారీవాడు హారన్ కొట్టాడు.

"అమ్మకు చెప్పాకు" అన్నాడు చివరికి.

"చెప్తా. ఆమె మనకు చెప్పింది గదా."

"అమ్మ వద్దంటే?"

"వద్దంటే నేను పండుకుంటా దాని మీద. అత్తకు ఇంకోటి తెస్తా."

ఆయన ఆలోచించాడు. ఇట్లా ఆలోచించి 'చూద్దాంలే' అంటాడనుకుంది. "సరే. నట్లు ఊడదీయల్ల గదా, పానా తెచ్చి పెడ్తా" అన్నాడు.

గేటు దాటాక గాలి మళ్ళీ వచ్చింది, కానీ ఇది వేరే గాలి. ఒళ్ళంతా ఎవరో తాళ్ళు విప్పేసినట్టు వదులైంది. వెల్దుర్తి వచ్చింది, పోయింది. కిరాణా అంగడి ముందు ఎవరో తాత గోనెసంచి మీద కూర్చుని వేరుశనగ బుడ్డలు ఒలుస్తున్నాడు, ఆత్మకూరు అంగడి గుర్తొచ్చింది, ఈసారి బాధనిపించలేదు. మూతపడింది, పోయింది. ఉన్నంతకాలం మంచి అంగడే. పప్పులో రాయి ఉంటే మామ ముందే చెప్పి అమ్మేవాడు, ఏరుకోండమ్మా అని. పెన్ను అక్కడ పెట్టి లేచి వచ్చానన్నాడు ఈయన. ఎట్లా లేచి ఉంటాడు? కుర్చీ వెనక్కి తోసి, ఆ షర్టు సర్దుకుని, ఎవరి ముఖమూ చూడకుండా. ఆ లేవడం చూడాలనిపించింది. పెళ్ళయిన కొత్తలో ఆయన తూకం వేసేటప్పుడు పళ్ళెం ఆగేదాకా కళ్ళార్పకుండా నిలబడేవాడు, ఆ మనిషిని చాలా రోజుల తర్వాత ఈ పూట ఫోనులో విన్నట్టుంది. ఉలిందకొండ దాటుతుంటే కళ్ళు మూతలు పడ్డాయి. నిద్ర కాదు, మెలకువ కాదు. బీరువా తలుపు అదురుతోంది, ఆ లోపల రేపు చీరలు తనే పేర్చుకుంటుంది, ఇష్టమొచ్చినట్టు పేర్చుకుంటుంది, కావాలంటే కుప్పగా పోస్తుంది. అత్త వద్దంటుందేమో. అననీ. వద్దన్నా మంచం మనదే. చిన్నటేకూరు దగ్గర ఎవరో స్కూలు పిల్లలు బస్సులోంచి చేతులూపితే తను కూడా ఊపింది.

కల్లూరు సందులోకి బండి వెనక్కి నడిచి వచ్చేసరికి ఇరుగుపొరుగు తలుపులన్నీ తెరుచుకున్నాయి. శివప్రసాద్ పానా పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె తొట్టిలోంచి దిగుతుంటే చెయ్యి ఇచ్చాడు, సందులో అందరూ చూస్తుండగానే. ఆయన అట్లా చెయ్యి ఇచ్చే మనిషి కాదు. అద్దం మొదట దిగింది, పగలకుండా. బల్ల, కుర్చీలు, బీరువా లోపలికి పోయాయి. మంచం మాత్రం గుమ్మంలో పట్టలేదు. నట్లకు కిరసనాయిలు పోశారు, నానాలి, అప్పటిదాకా ఆగాలన్నాడు ఉరుకుందప్ప. ఇంటి ముందు ఎండలో, నాలుగు కాళ్ళ మీద నిలబడింది మంచం.

కన్యకమ్మ గోడ పట్టుకుని ఒక్కో అడుగు వేసుకుంటూ వచ్చింది. వేలి కణుపుతో పట్టె మీద కొట్టి, "టేకే" అంది. కూర్చుంది. ఎక్కువ వంగే పనిలేకుండానే కూర్చోగలిగింది, పాదాలు నేలకు సరిగ్గా ఆనాయి. అది గమనించి తన పాదాల వైపే చూసుకుంది. "ఎంత కుదురుగుండాది!"

పద్మప్రియ ఆమె ముందు గొంతుక్కూర్చుంది. శివప్రసాద్ తల తిప్పుకుని, నానని నట్టును పానాతో తిప్పసాగాడు.

"అత్తా, ఒక మాట. ఈ మంచం అమ్మినామె మొగుడు దీని మీదనే పోయినాడంట. ఆమే చెప్పింది. నీకు పట్టింపైతే చెప్పు, ఇంకోటి సూస్తాం."

కన్యకమ్మ అరచేతిని చెక్క మీద ఇటూ అటూ కదిలించింది. "ఎట్ల పోయినాడంట?"

"నిద్దర్లో. రేపు పొద్దన ఉప్మా చెయ్యి అని చెప్పి పండుకున్న్యాడంట. ఆమె పొద్దన్నే లేసి, చేసి, లేపితే లేయలేదంట."

"నొప్పేం ల్యాకుండానా?"

"ఏం ల్యా. నిద్రపోతాన్నట్టే ఉన్న్యాడంట."

"మీ మామ" అంది కన్యకమ్మ, అని ఆగింది. పానా చప్పుడు కూడా ఆగింది. "మీ మామ ఆస్పత్రిలో గొట్టాల మధ్యన పండుకోని ఒకటే అడుగుతాండె, ఇంటికి తీస్కపోండి, నా బల్ల మీద పండుకుంటా అని. ఈ పొద్దు రేపు అంటిమి. తీస్కపోల్యాకపోతిమి." ముక్కు కొంగుతో తుడుచుకుంది. "ఆయప్ప ఎవురో పుణ్యాత్ముడు. తన మంచం మీద తాను పోయినాడు. అంతకంటే మంచి మంచం నాకు యాడ తెస్తావు నువ్వు?"

అంటూనే ఒక కాలు రెండు చేతులతో ఎత్తి పైన పెట్టుకుంది. రెండోది పద్మప్రియ ఎత్తి పెట్టింది. చాపా లేదు, దిండూ లేదు, వట్టి చెక్క మీద ఆమె వెల్లకిలా పడుకుని, సందు మీది ఆకాశం చూస్తూ కింది పెదవి వదులు చేసింది.

"అమ్మా, ఇది వీది. నట్లు ఊడ్నాక లోపల పండుకుందువులే" అన్నాడు శివప్రసాద్.

"నానల్లంటిరి గదా, నాననీ. నీకేం తొందర?"

శ్రీవిద్య లోపలి నుంచి దిండు తెచ్చి నాయనమ్మ తల కింద పెట్టింది. ఉరుకుందప్ప, ఇంకో బాడుగ ఉందన్న మనిషి, కుర్చీ ఒకటి మళ్ళీ బయటికి తెచ్చుకుని కూర్చున్నాడు. పద్మప్రియ మంచం కాళ్ళవైపు కూలబడి అత్త మోకాళ్ళ మీద చేతులు వేసింది. చేతులకింకా బండి అదురు తెలుస్తూనే ఉంది. కన్యకమ్మ కళ్ళు మూసుకుంది, ఎండకు ముఖం ముడతలన్నీ విచ్చుకున్నాయి. నిద్రపోయిందనుకుని అందరూ గొంతులు తగ్గించారు. కళ్ళు తెరవకుండానే పిలిచింది.

"పద్మా."

"ఏం అత్తా?"

"రేపు పొద్దన ఉప్మా మాత్రం చెయ్యాకు నాకు."